పెద్దావిడ, ఇటలీ పిల్ల

మొగుడు వెండెల్‌ని సమాధి చేసి వచ్చిన రోజు సాయంత్రమే ఆ చప్పుడు మొదలైంది. ఆర్డిస్ మాత్రం చాలాకాలం దాన్ని చప్పుడుగా లెక్కలోకి తీసుకోలేదు. అది మట్టి ఇటుకల పాత ఇల్లు. పగలంతా అరిజోనా ఎండకు కాగి కాగి, పొద్దు వాలగానే చల్లబడుతూ ఒక మూల టక్కుమంటుంది, ఇంకో మూల కిర్రుమంటుంది. మొగుడు పోయిన ఆడమనిషికి ఇల్లు చేసే ప్రతి చప్పుడూ ఏదో ఒకటి చెబుతున్నట్టే ఉంటుందని చర్చిలో ఆడవాళ్ళు ముందే చెప్పారు. సరే కాబోలు అనుకుని వంటింట్లో చిక్కుడు గింజల కుండ కింద మంట తగ్గించుకుని ఊరుకుంది.

కానీ గోడలు చేసే చప్పుడు ఒక చోటనుంచి రాదు, ఒక వేళకు రాదు. ఇదేమో రోజూ పొద్దు కొండ వెనక్కి దిగే వేళకు, తుపాకుల గదిలోంచే వచ్చేది. టిక్. టిక్. టిక్. ఆ తర్వాత ఏమీ ఉండేది కాదు.

ఆ గది పేరెత్తితే ఒకప్పుడు ఆర్డిస్‌కి ఒళ్ళు మండేది. కుట్టుమిషను పెట్టుకుంటానని పెళ్ళయిన కొత్తలో ఆవిడ అడిగిన గది అది. వెండెల్ నాలుగు గోడలకీ అద్దాల బీరువాలు దించి రివాల్వర్లతో నింపాడు. వాటిలో సగం ఆయన తాత పుట్టకముందువి. మిగతా సగం ఇటలీలో ఇప్పటివాళ్ళు ఆ పాతవాటిని చూసి చేసిన నకళ్ళు. బావుల్లో మోటార్లు బాగుచేసుకునే మనిషి, చేతికి గ్రీజు తప్ప ఇంకోటి అంటని మనిషి, శనివారం వచ్చేసరికి నూరేళ్ళ కిందటి కోటూ టోపీ తగిలించుకుని, పాతకాలపు తుపాకులతో గురిపోటీలు పెట్టుకునే క్లబ్బుకి బయల్దేరేవాడు. ఆ క్లబ్బులో ఎవరికీ సొంత పేరు ఉండదు. ఎవరికి వారు పెట్టుకున్న పేరుతోనే పిలుచుకోవాలి. వెండెల్ పేరు ‘అన్నానికి లేటు’. అది ఆర్డిస్ తిట్టే తిట్టే. ఆయనకి నచ్చి అదే పెట్టుకున్నాడు, చూడండి మరి!

పొద్దు వాలాక ఆ గదిలో ఆయనకో పూజ ఉండేది. ఒక్కో రివాల్వర్‌నీ తీసి, నూనెగుడ్డతో తుడిచి, వెనకనుండే హ్యామర్‌ని బొటనవేలితో ఒక్కసారి చివరిదాకా లాగి, మెల్లగా దించి, కొక్కేనికి తగిలించేవాడు. “కీళ్ళు పట్టేస్తాయోయ్” అనేవాడు. “నా కీళ్ళకి ఎప్పుడైనా నూనె రాశావా?” అని ఆర్డిస్ వంటింట్లోంచి అరిచేది.

అన్నింటికీ చేసిన ఈ సేవ ఒక్కదానికి మాత్రం చేసేవాడు కాదు. అదే ‘పెద్దావిడ’.

పెద్దావిడ ఆర్డిస్ పుట్టింటి తుపాకీ. వాళ్ళ అమ్మమ్మ కోరాది. ఆర్డిస్ పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు కోరా రొట్టెల పిండి ఒత్తుతూ, పక్కింటి సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది.

“మీ తాత మంచివాడు కాదు తల్లీ. ఆ సాయంత్రం మీ అమ్మ జుట్టు పట్టుకున్నాడు. అప్పటికి మీ అమ్మకి ఆరేళ్ళు. నేను గోడమీద నుంచి దీన్ని తీశాను. మొదటి టిక్కుకి నవ్వాడు. రెండోదానికీ నవ్వాడు. మూడోదానికి నా పేరు పెట్టి పిలిచాడు. నాలుగోదాని తర్వాత నేనే ఆగలేదు.”

“తర్వాత అమ్మమ్మా?”

“తర్వాతేముంది? తుడుస్తుంటే పేలిందని షెరీఫు అన్నాడు. అవునన్నాను. ఇది మనింట్లో ఆడవాళ్ళ చేతుల్లోనే ఉండాలి పిల్లా. మొగుళ్ళంటే దీనికి పడదు.”

అసలైన పాత రివాల్వర్ హ్యామర్ లాగితే నాలుగు టిక్కులు వినపడతాయి. చేసిన కంపెనీ పేరు ఇంగ్లీషులో రాస్తే నాలుగక్షరాలు, అక్షరానికో టిక్కు అని ఆ జనం మురిసిపోతూ చెప్పుకుంటారు. ఆర్డిస్‌కి తుపాకుల గురించి తెలిసింది ఆ ఒక్క ముక్కే. అదీ కంపెనీ గొప్ప వల్ల తెలిసింది కాదు.

వెండెల్ ఈ కథ విన్న రోజు పెద్దావిడని తీసుకెళ్ళి కొక్కేనికి తగిలించి చేతులు తుడుచుకున్నాడు. తర్వాత దాన్నో హాస్యం చేసుకున్నాడు. “మీ అమ్మమ్మకి అల్లుళ్ళంటే గిట్టదు. ఆవిడ జోలి నాకొద్దమ్మా” అనేవాడు. గుడ్డతో తుడిచేవాడు గానీ పెళ్ళయిన దగ్గర్నుంచి పోయేదాకా దాని హ్యామర్ మీద వేలు వేయలేదు. క్లబ్బులో వాళ్ళు పెద్దావిడని పట్టుకురమ్మని ఒకటే పోరు పెడితే, అచ్చం అలాంటిదే ఇటలీ నుంచి తెప్పించాడు. ఆ చలికాలమంతా వెనిగర్ పట్టించి, ఉప్పుకాగితంతో రుద్ది, చెక్క పిడికి టీ డికాక్షన్ పూసి, కొత్తదాన్ని ముసలిదాన్ని చేశాడు. రెండూ పక్కపక్కన పెడితే ఆర్డిసే గుర్తుపట్టలేకపోయింది. ఎంత పొంగిపోయాడో! దానికి ‘ఇటలీ పిల్ల’ అని పేరు పెట్టి, ప్రతి పోటీకీ నడుముకి కట్టుకుపోయేవాడు. తేడా అంతా లోపలే ఉంది. చేయి జారితే పేలకుండా ఇటలీవాళ్ళు లోపలేదో అడ్డు పెట్టారు. దాంతో దానికి ఒక టిక్కు తక్కువ.

మంచంలో ఆఖరి రోజుల్లో వెండెల్ అడిగింది ఒక్కటే. “ఇటలీ పిల్లని నాతో పంపు. ఖాళీ చేతుల్తో వెళ్తే అక్కడ నన్నెవడు గుర్తుపడతాడు?”

“చచ్చేటప్పుడు కూడా పరాయి పిల్లేనా నీకు?” అంది ఆర్డిస్, ఏడుపు ఆపుకుంటూ.

అడిగినట్టే పంపింది. ఆయన పోటీల బెల్టు తలుపు వెనకే వేలాడుతోంది. దాని తోలు ఒరలోంచి రివాల్వర్ తీసి, తన చేత్తో ఆయన కుడిచేతిలో పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే మూసింది. క్లబ్బువాళ్ళు టోపీలు గుండెకు ఆనించుకుని వరసగా వచ్చి చూసి వెళ్ళారు. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. సొంతదారుని అడక్కుండా ఇంకొకరి తుపాకీ హ్యామర్ లాగడం వాళ్ళలో తప్పు. పోయినవాణ్ణి ఎవరడుగుతారు?

ఒకరోజు సాయంత్రం ఆర్డిస్ గిన్నెలు కడుగుతూ ఆ చప్పుడు మళ్ళీ విన్నది. మూడు టిక్కులు. చేతిలో గిన్నె చేతిలోనే ఉండిపోయింది. నాలుగోదాని కోసం ఆవిడ చెవులు ఎదురుచూశాయి. అది రాలేదు. ఆ నాలుగోది ఏ రోజూ రావడం లేదన్న సంగతి అప్పుడు తోచింది.

తడిచేతుల్తోనే గదిలోకి వెళ్ళింది. మనిషి లేడు. నూనె వాసన మాత్రం అప్పుడే సీసా మూత తీసినంత ఘాటుగా ఉంది. పెద్దావిడ కొక్కెం మీద పెద్దావిడ వేలాడుతోంది. ఆర్డిస్ బీరువా తలుపు తీసి, దాన్ని చేతిలోకి తీసుకుని, కిటికీ వైపు తిప్పి హ్యామర్ లాగింది.

టిక్. టిక్. టిక్. అంతే. హ్యామర్ చివరికంటా వచ్చి ఆగిపోయింది.

ఇంకోసారి లాగింది. మూడే. ఇంకోసారి లాగే ధైర్యం చాల్లేదు.

మర్నాడు పొద్దున్నే డీకన్‌ని పిలిచింది. డీకన్ అన్నది క్లబ్బు పేరు; ఆ మాటకి చర్చి పెద్ద అని అర్థం. ఎన్నడూ చర్చి గడప తొక్కని మనిషి కాబట్టి వెండెలే ఆ పేరు తగిలించాడు. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నంత స్నేహం. అంత్యక్రియలప్పుడు డీకన్ తుంటి ఆపరేషన్ చేయించుకుని టూసాన్ ఆసుపత్రిలో ఉన్నాడు, రాలేకపోయాడు. ఇప్పుడు చేతికర్ర పోటు వేసుకుంటూ వచ్చి కూర్చున్నాడు. ఆర్డిస్ ఆ చప్పుడు సంగతి చెప్పి, రివాల్వర్ తెచ్చి ముందు పెట్టింది.

“లాగనా?” అని అడిగాడు, అలవాటు ప్రకారం.

“లాగు.”

లాగాడు. తలూపాడు. “ఇటలీ పిల్ల. ఇందులో ఏముంది ఆశ్చర్యం? అక్కడుండాల్సింది ఇదే కదా.”

“అక్కడ వేలాడాల్సింది మా అమ్మమ్మది!”

“ఎండాకాలంలో మార్చాడుగా. నీతో చెప్పలేదూ? బెన్సన్ ఊళ్ళో ఇద్దరి ముగ్గురి ఇళ్ళలో దొంగలు పడి అసలు సరుకే ఏరుకుని ఎత్తుకుపోయారు. మేమంతా అప్పుడు ఇదే పని చేశాం. నకలుని బీరువాలో దర్జాగా వేలాడదీసి, అసలుదాన్ని ఏ చింకి తోలు ఒరలోనో దాచాం. దొంగవెధవ తలుపు వెనక బెల్టు వైపు చూడనే చూడడు. నేను మాదాన్ని పిండిడబ్బాలో పెట్టి మావిడతో తిట్లు తిన్నాను.” నవ్వబోయి ఆర్డిస్ మొహం చూసి ఆగాడు. “ఏం? ఏమైంది? బెల్టులో లేదా?”

ఆర్డిస్ తన కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే మూసి చూపించింది.

డీకన్‌కి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. “అయ్యో” అన్నాడు. “అయ్యయ్యో! వెర్రివాడు... నువ్వు భయపడతావని చెప్పలేదు కాబోలు, ఆఖర్లో మంచంలో మార్చిన సంగతే మర్చిపోయి ఉంటాడు. సరే, దానికేం? తవ్వించు. పుట్టింటి సొత్తు, నీది నువ్వు తెచ్చుకుంటే ఎవడేమంటాడు? కౌంటీ ఆఫీసువాళ్ళు అనుమతిస్తారు. ఉంగరాల కోసం తవ్వించినవాళ్ళున్నారు.”

“నా సొత్తు సంగతి కాదు డీకన్. దాన్ని చూస్తేనే భయపడే మనిషి. మొగుణ్ణి చంపిన తుపాకీ. తీసుకెళ్ళి నా మొగుడి చేతిలో పెట్టాను. పైన మట్టి కప్పేశాను. ఆ పెట్టెలో వాళ్ళిద్దరే ఉన్నారు.”

డీకన్ ఇటలీ పిల్లని బల్లమీద మెల్లగా, పసిపిల్లని పడుకోబెట్టినట్టు పెట్టాడు. వెళ్ళేటప్పుడు మాత్రం గుమ్మంలో ఆగి, “రోజూ వినపడుతోందా?” అని అడిగాడు. “రోజూ” అంది. “అయితే తన పిల్లకోసం వస్తున్నాడు. తొందరగా పంపెయ్ ఆర్డిస్” అన్నాడు.

తొందరగా పంపాలనే ఆవిడ కూడా అనుకుంది. అనుమతి వచ్చింది కూడా. కానీ రేపు, ఎల్లుండి, వానలు తగ్గాక అంటూ ఆర్డిస్ దాన్ని జరుపుతూ పోయింది. డీకన్ ఫోన్ చేసి అడిగితే కౌంటీవాళ్ళు ఇంకా తేల్చలేదని అబద్ధం ఆడింది. ఎందుకో ఎవరికి చెప్పుకుంటుంది? పొద్దు వాలేసరికి ఆవిడ స్నానం చేసి, జుట్టు దువ్వుకుని, కుర్చీ తెచ్చుకుని తుపాకుల గది గుమ్మం పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. నూనె వాసన వచ్చేది. మూడు టిక్కులు వినిపించేవి. “ఇవాళ బావి దగ్గర పంపు మళ్ళీ మొరాయించింది తెలుసా?” అని చెప్పేది. “పచ్చిమిరపకాయల కూర అడుగంటింది. నువ్వుంటే అలాగే తినేవాడివి” అని చెప్పేది. ఏం కాపరమది అని మనం అనచ్చు. నలభై ఏళ్ళపాటు ఆ గదిని తిట్టుకున్న మనిషి, ఇప్పుడు ఆ గది గుమ్మంలోనే సుఖపడింది. ఇటలీ పిల్ల ఈ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆయన వస్తాడు. పంపేస్తే ఎందుకొస్తాడు? ఆవిడకి అంతా తెలుసు. తెలిసే ఆపింది.

చివరి వానలు పడుతున్న రోజుల్లో, పంపే రోజుకని ఆర్డిస్ ఇటలీ పిల్లని బీరువాలోంచి తీసి బెల్టు ఒరలో పెట్టాక, చప్పుడు మారింది. టిక్కులకి ముందు బీరువా తలుపు గడియ కదిలేది. ఆ తర్వాత ఇంకో బీరువాది. సొరుగులు లాగి మూసినట్టు వినపడేది. ఒకనాడు బయట ఎడారిలో పెరిగే గ్రీజుపొదల తడివాసన వస్తుండగా, ఆర్డిస్ పంపు కబురేదో చెబుతుంటే, గదిలోంచి మాట వినిపించింది. బాగా దూరంనుంచి, గొంతులో మట్టి పడ్డట్టుగా వచ్చింది.

“ఏమోయ్, ఎక్కడ పెట్టావు?”

బతికున్నంతకాలం ఆయన అడిగిన ప్రశ్న అదే. కళ్ళజోడు, తాళాలు, కంటి ఎదుట ఉన్న కాఫీ కప్పు, అన్నీ అలాగే అడిగేవాడు. “నీ నెత్తిమీదే ఉంది చూసుకో” అని ఆవిడ కసిరేది. ఇప్పుడు కసరడానికి నోరు రాలేదు. ఆ గొంతులో కోపం లేదు. భయం కూడా లేదు. మనిషి బాగా అలిసిపోయి ఉన్నాడు, అంతే. ఇంటికెళ్ళి పడుకోవాలనుకునేవాడి గొంతు అది. ఆర్డిస్‌కి సిగ్గేసింది. తన కబుర్ల కోసం ఈ మనిషిని రోజూ అంత దూరంనుంచి నడిపిస్తోంది.

“నేనే తప్పు చేశాను వెండెల్” అంది. “ఇంక వెతక్కు. తెచ్చిస్తాను.”

మబ్బు పట్టిన ఒక పొద్దున సమాధి తవ్వించారు. కౌంటీ మనిషి, అంత్యక్రియలు చేయించిన బెంట్లీ అనే అతను, కర్రమీద వాలి డీకన్ నిలబడ్డారు. పెట్టె పైకి తీశాక ఆర్డిస్ అందర్నీ కాస్త వెనక్కి జరగమంది. బెంట్లీ ముందే వెండెల్ మొహం మీద రుమాలు కప్పి ఉంచాడు, దణ్ణం పెట్టాలి అతనికి.

కుడిచెయ్యి ఆవిడ మూసినట్టే మూసి ఉంది. కానీ హ్యామర్ దిగి లేదు. సగం లేచి ఉంది.

“మేం చూసినప్పుడు దిగే ఉంది” అన్నాడు బెంట్లీ నెమ్మదిగా. తర్వాత గొంతు సవరించుకుని, “గోతిలోకి దించేటప్పుడు కుదుపుకి లేచి ఉంటుంది” అన్నాడు. డీకన్ అతనివైపు చూశాడు. రివాల్వర్‌తో నలభై ఏళ్ళు గడిపినవాడికి ఆ హ్యామర్ కుదుపుకి లేవదని తెలుసు. రెండో టిక్కు దగ్గర ఆగి ఉందది. అంటే ఇంకా రెండు మిగిలాయి.

ఆర్డిస్ మొగుడి వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. “వదులు వెండెల్. నేనే. వదులు” అంటూ విప్పింది. రివాల్వర్ చేతికి రాగానే వెనక్కి దించెయ్యబోయింది.

“ఆగు, ఆగు!” అన్నాడు డీకన్. “సగంలోంచి దించకూడదు. లోపల గీసుకుపోతుంది. చివరిదాకా లాగి, అప్పుడు దించాలి.”

ఆర్డిస్ పెట్టెకి వీపు తిప్పింది. గొట్టాన్ని ఖాళీ కొండల వైపు పెట్టి రెండు బొటనవేళ్ళూ హ్యామర్ మీద వేసింది. అందులో గుండు లేదని ఆవిడకి తెలుసు. ఆ ఎరుక ఏమాత్రం పనికి రాలేదు. మూడోది టిక్కుమంది. ఎవరో తన పేరు పిలిచినట్టనిపించింది. అది మగగొంతే, కానీ వెండెల్‌ది కాదు.

“అమ్మమ్మా” అంది ఆర్డిస్, పక్కనున్నవాళ్ళు వింటున్నారన్న బిడియం కూడా లేకుండా. “ఈయన వాడు కాదు. ఈయన నా మీద ఎన్నడూ చెయ్యెత్తలేదు. అన్నానికి ఆలస్యంగా వచ్చేవాడు, అంతే చేశాడు. విన్నావా? ఈయన వాడు కాదమ్మమ్మా. వదిలెయ్.”

నాలుగోది వినిపించింది. ఆవిడ ఊపిరి బిగబట్టి బొటనవేళ్ళ మధ్య హ్యామర్‌ని మెల్లగా, మెల్లగా దించింది. ఏమీ కాలేదు. డీకన్ టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు.

చీరుకుపోయిన ఆ పాత ఒరలోంచి ఇటలీ పిల్లని తీసి వెండెల్ చేతిలో పెట్టింది. ఈసారి వేళ్ళు మూసేముందు తన చేతిని కూడా కాసేపు అందులో ఉంచింది. తర్వాత మూత వేయమంది.

ఆ సాయంత్రం పొద్దు వాలకముందే స్నానం చేసి, జుట్టు దువ్వుకుని, కుర్చీ వేసుకుని గుమ్మంలో కూర్చుంది. రాడని తెలుసు. అయినా కూర్చుంది. కొండ మీద వెలుగు ఎర్రబడి, ఊదారంగుకి తిరిగి, పోయింది. గోడలు అక్కడోసారి ఇక్కడోసారి టక్కుమన్నాయి. అది ఇల్లు చల్లబడే చప్పుడే. నూనె వాసన కోసం గట్టిగా ఊపిరి పీల్చింది. దుమ్ము వాసన వచ్చింది.

“వెండెల్” అని పిలిచింది. “దొరికిందా?”

చాలాసేపు చూసింది. జవాబు రాలేదు.

దొరికిందన్నమాట. ఆర్డిస్ కుర్చీలోంచి జారి ఆ గుమ్మంలోనే కూలబడి, ఆయన్ని మొదటిసారి మట్టిలో పెట్టిన రోజు కూడా రాని ఏడుపంతా ఏడ్చింది.